మబ్బుగుట్టకు చుట్టం

కంబగిరికి కోపం వచ్చి ఏడాది దాటింది. ఇంకా పోలేదు.

చెప్పులో విరిగిన ముల్లులా ఉండిపోయింది. కూర్చుంటే తెలిసేది కాదు. అడుగు వేస్తే గుచ్చుకునేది. అతనిది పొద్దున్నించి సాయంత్రం దాకా నడిచే పని.

సీమ అడవుల్లో మబ్బుగుట్ట ఒక ఎత్తైన కొండ. కొండంతా సర్కారు కాపాడుతున్న అడవి. పైన, పడగలా వంగిన బండ కింద, ఎప్పుడో ఒక ఫకీరు నలభై రోజులు మౌనంగా కూర్చున్న గుహ ఉంది. ముస్లింలూ వస్తారు, హిందువులూ వస్తారు. కొందరు మొక్కు కోసం, ఎక్కువమంది చల్లగాలి కోసం.

కొండ మొదట్లో రెండు గదుల రాతి ఇల్లు. అందులో దస్తగిరమ్మ ఉండేది. ఎనభై ఏళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు గుహ దగ్గర దీపం పెట్టే సేవ ఇమ్మని తన గురువును అడిగిందట. "దీపం పెట్టేవాళ్ళు చాలామంది దొరుకుతారు. నువ్వు దారి చూసుకో" అన్నాడట ఆయన. అప్పటి నుంచి ఆమె దారి చూసుకుంటూనే ఉంది. అడవి ఆఫీసు వాళ్ళు కూడా ఆమెకూ ఆమె శిష్యులకూ ఆ పని కాగితం మీద రాసిచ్చారు.

కంబగిరి ఏడేళ్ళ కింద వచ్చాడు. అంతకుముందు బస్సు కండక్టరు. మనసు నిలవడం లేదు, మంత్రం ఇమ్మని అడిగితే దస్తగిరమ్మ చీపురిచ్చింది.

శివరాత్రికి ముందే దారికి రెండు పక్కలా రాలిన ఆకంతా ఊడ్చి మట్టి బయటపడేట్టు చేయాలి. అప్పుడు ఎక్కడైనా నిప్పు పుట్టినా ఇటునుంచి అటు దాటదు. ఎండాకాలం జంతువుల తొట్లలో నీళ్ళు నింపాలి. వచ్చినవాళ్ళు పారేసిన కవర్లు, సీసాలు ఏరాలి. సాయంత్రం అందరూ దిగిపోయాక చివరిసారి పైకి వెళ్ళి, వంట చేసుకున్న చోట పొయ్యి ఆరిందో లేదో చూసి రావాలి.

అతను ఈ పనులన్నీ బాగా చేసేవాడు. ఎంత బాగా అంటే, నాలుగేళ్ళు తిరిగేసరికి "మబ్బుగుట్ట మీద రాయి పక్కకు జరిగినా నాకు తెలుస్తుంది" అనేవాడు. దస్తగిరమ్మ వినేది.

నిరుడు ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున గాలి లేచింది. వంటలు చేసుకునే చదును దగ్గర మొదలైన మంట పడమటి వాలంతా పాకింది. రెండు రోజులు కాలింది. అడవి ఆఫీసు వాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పచ్చి కొమ్మలతో కొట్టీ కొట్టీ ఆర్పారు. కంబగిరి కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. చెయ్యి మానింది. పడమటి వాలు మీద వందేళ్ళ మద్దిచెట్లు మాత్రం నల్లటి మోళ్ళయి నిలబడ్డాయి.

ముందురోజు అక్కడ వంట చేసుకుంది ఒక్కటే గుంపు. ఎవరో కింది పల్లెల నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు. అప్పట్లో పేర్లు రాసుకునే అలవాటు లేదు.

ఆ రోజు నుంచి కంబగిరి కొండకు వచ్చినవాళ్ళ మీద పడ్డాడు. సంచులు విప్పించేవాడు. జేబులు తడిమేవాడు. పిల్లలు గట్టిగా నవ్వినా అరిచేవాడు. కండక్టరు గొంతు, కొండ అవతలికి వినిపించేది.

రావడం తగ్గింది. అతనికది సంతోషమే. అయినా నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు దస్తగిరమ్మ ముందు కూర్చుని అడిగాడు. "అమ్మా, శుక్రవారం అడవి ఆఫీసు రేంజరమ్మ వస్తోంది. దారి మూయాలా, ఉంచాలా అని నిన్నే అడుగుతుంది. మూసెయ్యమని చెప్పు."

"మూస్తే?"

"అడవి బాగుంటుంది. నా మనసూ కుదుటపడుతుంది."

"రెండూ ఒకటేనా నాయనా?" అంది ఆమె. లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

*

ఆషాఢం. నాలుగు రోజులుగా కొండ కనబడటం లేదు. మబ్బు గడప దాకా దిగింది. వాకిట్లో నిలబడితే ఇంటి అరుగు కనబడేది కాదు, అరుగు మీద కూర్చుంటే వాకిలి కనబడేది కాదు.

బుధవారం పొద్దున ఆ తెలుపులోంచి ఒక మనిషి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో సంచి లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గేటు దగ్గర నిలబడ్డాడు గానీ లోపలికి రాలేదు.

"ఏం కావాలి?" అన్నాడు కంబగిరి.

"పైకి పోవాలన్నా. పడమటి పక్కకి."

"అటు ఏముంది? కాలిపోయింది."

"అందుకే."

కంబగిరి దగ్గరికి వచ్చి అతని ముఖంలోకి చూశాడు.

"నా పేరు పక్కీరప్ప. వంటమేస్త్రీని. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వండుతా" అన్నాడు ఆ మనిషి. "నిరుడు ఇక్కడికి మావాళ్ళ గుంపుతో వచ్చి వండింది నేనే. పొయ్యి మీద నీళ్ళు పోశా. పోశాననే అనుకుంటా ఉన్నా. నాలుగు రోజుల తర్వాత పేపర్లో చదివినాను." ఆగాడు. "అప్పటి నుంచి అగ్గిపుల్ల గీయలేకుండా ఉన్నానన్నా. చెయ్యి వణుకుతుంది. వంటలు పోయినాయి. అది కాదు నా బాధ. ఒక్కసారి ఆ చోటు చూడాల."

ఏడాదిగా కంబగిరి ఈ మనిషి కోసం మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాడు. ఒక్కటీ నోటికి రాలేదు. చెయ్యి మాత్రం ముందుకు వెళ్ళింది. పక్కీరప్ప కాలరు పట్టుకుని గేటుకు అదిమాడు.

"చూడాలా? ఏం మిగిల్చినావని చూస్తావు?"

పక్కీరప్ప విడిపించుకోలేదు.

అరుగు మీదనుంచి దస్తగిరమ్మ గొంతు వినిపించింది. మనిషి కనబడలేదు.

"కంబగిరీ, చొక్కా వదులు. తడిసి ఉంది, చినుగుతుంది."

కాసేపటికి మబ్బులోంచి ఆమె బయటికి వచ్చింది. భుజం మీద ఆకుపచ్చ శాలువా, చేతిలో కర్ర, ఇంకో చేతిలో టీ గిన్నె. "ముగ్గురం పోదాం" అంది. "కొండెక్కి రెండేళ్ళయింది నేను."

*

ఆ రోజు నడక కంబగిరికి తర్వాత ఎప్పుడు తలచుకున్నా నిద్రలో నడిచినట్టే గుర్తొచ్చేది.

అడుగు దూరంలో ఏముందో తెలియదు. ఒక చెట్టు వచ్చి పక్కన నిలబడేది, మళ్ళీ కరిగిపోయేది. ఎక్కడో నీళ్ళు జారుతున్న చప్పుడు, ఎటువైపో చెప్పలేం. ముందు దస్తగిరమ్మ శాలువా ఆకుపచ్చగా ఊగుతూ పోతోంది. ఎనభై ఏళ్ళ మనిషి, కర్ర ఆనించిన చోట చప్పుడు కూడా కాకుండా ఎక్కుతోంది. ఆమె ఆగితే వాళ్ళు ఆగారు. ఆమె కదిలితే కదిలారు. ఒక పక్షి రెండు అక్షరాలంత పాట పాడి, మూడోది మరిచిపోయినట్టు ఊరుకునేది.

ఎంతసేపు నడిచారో తెలియదు. కాళ్ళ కింద మట్టి రంగు మారింది. నల్లగా, మెత్తగా.

"ఇదేనా?" అన్నాడు పక్కీరప్ప, చిన్న గొంతుతో.

"ఇదే" అంది దస్తగిరమ్మ.

మబ్బు కొంచెం పక్కకు తొలగింది. మద్ది మోళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వాటి మొదళ్ళ దగ్గర గడ్డి నడుమెత్తు లేచి ఉంది. కాలిన బెరడు చీలికల్లోంచి గోరంత చిగుళ్ళు. అక్కడక్కడా గడ్డిలోంచి అడవినాభి పూలు పైకి లేచాయి, ఎర్రగా, అంచుల్లో పసుపుగా.

పక్కీరప్ప ఒక మోడు ముందు నిలబడ్డాడు. "దీని పేరేందమ్మా?"

"నల్లమద్ది."

ఇంకో దాని దగ్గరికి వెళ్ళాడు. "ఇది?"

"ఏగిస."

"ఇది?"

"అది కూడా మద్దే. దాని మీద డేగ గూడు కట్టేది."

వాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా అతను అడుగుతూ పోయాడు. ఆమె చెబుతూ పోయింది. చావు ఇంటికి ఆలస్యంగా వచ్చినవాడు ఇంట్లో వాళ్ళందరినీ పేరు పేరునా పలకరించినట్టుంది అది. కంబగిరి దూరంగా బండ మీద కూర్చుని ఇటు తిరగలేదు.

చివరికి వంటల చదును దగ్గరికి వచ్చారు. అడవి ఆఫీసు వాళ్ళు గుర్తు పెట్టిన మూడు రాళ్ళ పొయ్యి అక్కడే ఉంది. వానల్లో కొండంతా తడిసి ఉంది కాబట్టి నిప్పు భయం లేదు.

"టీ తాగుదాం" అంది దస్తగిరమ్మ. బండ పగులులో దాచి ఉంచిన ఎండు పుల్లలు తీయించింది. అగ్గిపెట్టె పక్కీరప్పకు ఇచ్చింది.

అతను పుల్ల తీశాడు. గీయబోయాడు. పుల్ల జారిపోయింది. రెండోది విరిగింది. మూడోది తీసి చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు.

కంబగిరి వచ్చి అగ్గిపెట్టె లాక్కున్నాడు. ఒక్క పుల్లతో అంటించాడు.

టీ అయింది. ముగ్గురూ తాగారు. మబ్బు మళ్ళీ దగ్గరికొచ్చి, పొయ్యి చుట్టూ ఒక చిన్న గది కట్టింది.

"ఆర్పెయ్ నాయనా, పోదాం" అంది దస్తగిరమ్మ.

కంబగిరి గిన్నె కడిగిన నీళ్ళు పొయ్యిలో కుమ్మరించాడు. సుయ్‌మని ఆవిరి లేచింది. లేచి నిలబడ్డాడు.

"ఆరిందా?"

"ఆరిందమ్మా."

"ఆరిందా?"

"నీళ్ళు పోసినా కదా. పొగ కూడా లేదు."

దస్తగిరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. కుడి అరచెయ్యి చాపి, తడి బూడిదలోకి దించింది. వేళ్ళు మునిగాయి. అరచెయ్యి అడుగుకు ఆనింది. ఆమె ముఖం మారలేదు. చెయ్యి తీయలేదు.

"అమ్మా!"

కంబగిరి ఆమె మణికట్టు పట్టి పైకి లాగాడు. అరచేతి మధ్యలో రూపాయంత మేర ఎర్రగా కమిలి ఉంది. చెయ్యి లేచిన గుంటలో, తడి బూడిద అడుగున, ఒక నిప్పుకణిక కన్ను తెరిచినట్టు వెలిగింది.

ఆమె శాలువా కొంగు చేతికి చుట్టుకుని, కర్ర తీసుకుని, దారి పట్టింది. నాలుగడుగుల్లో మబ్బు ఆమెను దాచేసింది.

కంబగిరి కదల్లేదు.

నిరుడు ఆ సాయంత్రం అతనికి ఆకలి వేసింది. పొద్దంతా తొట్లకు నీళ్ళు మోశాడు. గుంపు దిగిపోయింది. చివరిసారి చూడటానికి పైకి వచ్చాడు. చదును దాకా రాలేదు. చదును కనబడే మలుపులోనే ఆగి, అక్కడి నుంచి చూశాడు. బూడిద తడిగా ఉంది. పొగ లేదు. ఈ కొండ మీద రాయి జరిగినా తెలిసేవాడికి అది చాలు. వెనక్కి తిరిగాడు. తర్వాత రేంజరు అడిగినప్పుడు "చెయ్యి పెట్టి చూశాను" అని చెప్పాడు. చెప్పాక అదే నిజమని తనూ నమ్మాడు.

ఏడాది పాటు నమ్మాడు.

అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పక్కన వానకు నిండిన రాతి గుంట ఉంది. దోసిళ్ళతో నీళ్ళు తెచ్చి పోశాడు. బూడిద కలిపాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ కలిపాడు. ఎప్పుడొచ్చాడో పక్కీరప్ప కూడా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అతని చేతులు కూడా బూడిదలో ఉన్నాయి. నల్లటి బురదలో నాలుగు చేతుల్లో ఏది ఎవరిదో తెలియడం లేదు.

"మేస్త్రీ" అన్నాడు కంబగిరి. "ఆ సాయంత్రం నీ తర్వాత చూడాల్సింది నేను."

పక్కీరప్ప తల ఎత్తాడు.

"చెయ్యి పెట్టలేదు. దూరం నుంచి చూసి పోయినా."

పక్కీరప్ప మళ్ళీ బూడిద కలుపుతూ అన్నాడు. "నేనూ పెట్టలేదన్నా."

*

ఇంటికి చేరేసరికి దస్తగిరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కంబగిరి పెరట్లోంచి కలబంద మట్ట కోసి తెచ్చి, గుజ్జు తీసి ఆమె అరచేతికి రాశాడు. తల ఎత్తకుండా రాశాడు. ఆమె రెండో చెయ్యి అతని తల మీద పెట్టింది. అంతే.

పక్కీరప్పను పొమ్మని ఎవరూ అనలేదు. మర్నాడు పొద్దున కంబగిరికి తిరగమోత వాసనకు మెలకువ వచ్చింది. ఏడాదిలో అంత పొద్దెక్కేదాకా అతను నిద్రపోవడం అదే మొదలు. వంటింట్లో పొయ్యి మండుతోంది. దాని ముందు పక్కీరప్ప కూర్చుని, మంట వంక చూస్తూ ఉప్మా కలుపుతున్నాడు. నేల మీద ఎన్ని అగ్గిపుల్లలు విరిగి పడ్డాయో కంబగిరి చూశాడు. చూడనట్టు వెళ్ళి ముఖం కడుక్కున్నాడు.

శుక్రవారం రేంజరు మేరీ సువర్ణ వచ్చింది. జీపు మబ్బులోంచి లైట్లు వేసుకుని వచ్చింది. అరుగు మీద ఫైలు విప్పుకుని కూర్చుంది.

"ఏం చేద్దామమ్మా? మూసేద్దామా?"

"అతన్నడుగు" అంది దస్తగిరమ్మ.

కంబగిరి నిలబడి ఉన్నాడు. "మేడమ్, ముందు ఒక మాట. నిరుడు నా వాంగ్మూలంలో చెయ్యి పెట్టి చూశానని రాయించినా. అది అబద్ధం."

రేంజరు పెన్ను ఆపింది. అతను మొత్తం చెప్పాడు. పక్కీరప్ప తన వంతు తను చెప్పాడు. ఇద్దరి మాటలూ ఆమె రాసుకుంది.

"ఇది పైకి పంపాలి" అంది చివరికి. "మేస్త్రీ, పిలిచినప్పుడు రావాలి."

"వస్తానమ్మా."

"కంబగిరీ, అది తేలేదాకా నీకు కొండ మీద డ్యూటీ లేదు. ఊడ్చేది లేదు, చూసేది లేదు. అర్థమైందా? ఆఫీసు మనిషిని పంపుతా." కొంచెం మెత్తబడింది. "దారి సంగతి చెప్పు. ఏడేళ్ళు చూసినవాడివి. మూయాలా?"

వారం కిందట అయితే ఆమె అడగకముందే చెప్పేవాడు.

"వద్దు మేడమ్" అన్నాడు. "కొండ మీద వంటలు మాన్పించండి. రోజుకు ఇంతమందే అని పెట్టండి. దారి మాత్రం మూయొద్దు. మూస్తే ఆ కొండకు మేమే మిగులుతాం. మేం తప్పు చేస్తే చూసేవాళ్ళుండరు."

రేంజరు దస్తగిరమ్మ వైపు చూసింది. దస్తగిరమ్మ వాన వైపు చూస్తోంది.

*

పక్కీరప్ప ఆదివారం వెళ్ళిపోయాడు. ఆఫీసు పంపిన మనిషి సోమవారం వచ్చాడు. చీపురు తీసుకుని పైకి వెళ్ళాడు.

కంబగిరి వాకిట్లో కూర్చున్నాడు. ఇంట్లో పని అయిపోయింది. నీళ్ళు తోడాడు, కట్టెలు పేర్చాడు, పేర్చినవే మళ్ళీ పేర్చాడు. మంగళవారమూ అంతే. బుధవారం దస్తగిరమ్మ దగ్గరికి వచ్చాడు.

"పనేమీ లేకుండా ఆ కొండ మీద నాకేముందమ్మా?"

"చుట్టంగా పోయిరా" అంది ఆమె.

గేటు దగ్గర వచ్చినవాళ్ళతో పాటు వరసలో నిలబడ్డాడు. కొత్త మనిషి అతని పేరు పుస్తకంలో రాసుకుని, జేబులు చూసి, లోపలికి వదిలాడు.

చేతుల్లో ఏమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొంతదూరం వెనక్కి కట్టుకుని నడిచాడు. తర్వాత వదిలేశాడు. రాలిన ఆకు కనబడితే వంగబోయి ఆగాడు. వంగకపోతే తల పైకి ఉంటుంది. ఎన్నోసార్లు దాటిపోయిన బండ మీద ఆకుపచ్చ నాచు, నాచు మీద చుక్కలు, చుక్కల్లో వణుకుతున్న ఆకాశం. ఎటు నుంచో చల్లగాలి వచ్చి కాలిన చెయ్యిని తాకింది. కొండ ఇంత పెద్దదా అనిపించింది.

సగం దారిలో ఒక ముసలమ్మ రాతి మెట్టు మీద కూలబడి రొప్పుతోంది. పక్కన ఆమె కోడలు నీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది.

"ఇంకా ఎంత దూరమన్నా?" అంది కోడలు.

కింద బోర్డు ఉంది కదా, చదువుకోలేదా, అనేవాడు ఒకప్పుడు. ఇప్పుడు దారి వంక చూశాడు. దాన్ని ఎన్ని వేలసార్లు ఎక్కాడో. అలిసిన మనిషికి అది ఎంత దూరమో ఎప్పుడూ చూసుకోలేదు.

"తెలీదమ్మా" అన్నాడు. "మెల్లగా పోదాం. నేనూ వస్తా."

అప్పుడే పైనుంచి మబ్బు దిగింది. చెట్లు పోయాయి, దారి పోయింది. అత్తా కోడళ్ళిద్దరూ ఒకరికొకరు కనబడక పకపకా నవ్వారు. ఆ నవ్వు తెలుపులో అటూ ఇటూ తిరిగి, కొండకు తగిలి, మళ్ళీ వాళ్ళ దగ్గరికే వచ్చింది.

కంబగిరి వింటూ నిలబడ్డాడు.

"నువ్వు ఈ కొండ మనిషివేనా నాయనా?" అంది ముసలమ్మ.

"కాదవ్వా. నేనూ చూడ్డానికే వచ్చినా."

ముసలమ్మ పక్కకు జరిగి, రాతి మెట్టు మీద అతనికి చోటిచ్చింది.